వద్దన్న నీళ్లు

తొంభై ఎనిమిది ఎండాకాలం. హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సు డ్రైవరు సాల్మన్, కొత్తగా వచ్చిన కండక్టరు పుష్పావతికి ఆ రోజు మూడోసారి నీళ్ల సీసా అందించాడు. మూడోసారీ ఆమె, "వద్దన్నా" అంది.

పెనుకొండ దాటాక సాల్మన్ ఉండబట్టలేకపోయాడు. ప్రయాణికులంతా వినేలా అన్నాడు: "ఏమ్మా, నా చేతి నీళ్లు తాగితే మైలవుతావా? మా కులం తెలిసినాక గొంతు దిగవులే!"

ఆమె మొహం ఎర్రబడింది. టికెట్లు కొట్టుకుంటూ వెనక్కి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే ఆమె జ్వరంతో ఆసుపత్రిలో పడింది. మనసు పీకి, సాల్మన్ చూడ్డానికి పోయాడు.

"ఒంట్లో చెత్త నీళ్లతోనే కదా బయటికి పోవాలి? ఈమె నీళ్లే తాగదు, మూత్రం వచ్చినా ఆపుకొంటుంది. చీము కిడ్నీ దాకా పాకింది" అంది నర్సు.

"ఎందుకు తాగవమ్మా?" అన్నాడు సాల్మన్.

పుష్పావతి తల పక్కకు తిప్పుకుంది. "తాగితే ఒంటికి పోవల్ల కదన్నా. దారిలో ఆడమనిషి యాడికి పోవల్ల? అంతమంది ముందర ఆ మాట ఎట్ల చెప్పేది?"

సాల్మన్ తలెత్తలేకపోయాడు. ఆ దారిలోనే రోజుకు రెండుసార్లు బస్సాపి, తను కంపచెట్ల చాటుకు పోయొచ్చేవాడు. ఆమెను ఒక్కసారైనా అడిగింది లేదు.