యాభై పాయింటు నాలుగు

ముప్పై రెండు జవాబు పత్రాల్లో ముప్పై ఒకటి తప్పు. పోనీ తలో రకంగా తప్పారా అంటే అదీ లేదు. అందరిదీ ఒకటే తప్పు.

దశాంశం మాస్టారికి ఒళ్లు మండిపోయింది. పాయింటు తర్వాత రెండో అంకె అటూ ఇటూ అయినా ఇల్లు అంటుకున్నట్టు గగ్గోలు పెట్టే మనిషి. అందుకే ఆయనకు ఆ పేరు. అసలు పేరు ఆయన కూడా మర్చిపోయి ఉంటారు.

నీటి సరఫరా శాఖ వాళ్లకు ఆయన మధ్యాహ్నం పూట లెక్కలు చెబుతారు. ప్లంబర్లు, వెల్డర్లు, పంపులు నడిపేవాళ్లు. అందరికీ సంసారాలున్నాయి, నడుం నొప్పులున్నాయి. ఈ పరీక్ష గట్టెక్కితేనే ప్రమోషన్.

"ఈ గుమ్మం దాటి లోపలికొచ్చాక నాకు చుట్టాల్లేరు, పక్కాల్లేరు. అందరూ నంబర్లే" అని మొదటి రోజే తేల్చేశారు. ఆ రోజు నుంచి క్లాసులో పేర్లు బంద్.

పరీక్షలో అడిగింది పెద్ద లెక్కేం కాదు. గుండ్రటి నీళ్ల తొట్టి, అడ్డంగా కొలిస్తే నాలుగు పాయింటు ఆరు మీటర్లు. ముందు అడుగు వైశాల్యం కట్టాలి. దాన్ని మూడున్నర మీటర్ల ఎత్తుతో హెచ్చవేయాలి. గ్రాఫుల కాలిక్యులేటర్ మీద ఎలా చెయ్యాలో ఆయనే నూరిపోశారు.

"ఒకసారి వచ్చిన జవాబుని మళ్లీ వేళ్లు నొప్పెట్టేలా కొట్టుకోకండి. ఆన్స్ మీట నొక్కండి. కాగితం మీద మీరు రాసుకునేది చివరి దశాంశాలు చెక్కేసిన అంకె. యంత్రం కడుపులో ఉన్నది అసలు అంకె."

మాస్టారి జవాబు 50.40. ముప్పై ఒక్కమంది రాసింది 58.17.

"కాపీ కొట్టడానికైనా కాస్త బుర్ర ఉండాలి!" కాగితాల కట్టని బల్ల మీద విసిరికొట్టారు. "ఒకరి తలలో పురుగు దూరితే ముప్పై ఒక్క తలల్లోనూ దూరిందా? రోల్ నంబరు పదిహేడు, లేవాలి."

పదిహేడు లేచి నిలబడింది. వీధి వీధీ తిరిగి మీటర్ రీడింగులు రాసుకొచ్చే ఉద్యోగం.

"గంజాయి వనంలో తులసి మొక్క అంటే ఇదీ! చప్పట్లు కొట్టండి."

ఎవరూ కొట్టలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మూడో నంబరు ప్లంబరు గొంతు సవరించుకున్నాడు.

"సార్, అందరిలోకీ పదిహేడుకే కరెక్టు వచ్చిందంటే..."

"వస్తే? నీకు కడుపుమంటా? నేను పక్షపాతం చూపించానంటావా?"

"ఆ మాట నేనన్లేదు సార్. మీరే అన్నారు."

క్లాసు గొల్లుమంది.

"నవ్వండి, నవ్వండి. ముప్పై ఒక్కమందికీ సున్నా. ప్రిన్సిపాలు గారికి ఇప్పుడే కాగితం రాస్తున్నా."

దాంతో నవ్వులకు తాళం పడింది. ఇరవై ఆరో నంబరు వెల్డరమ్మ లేచింది. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లే ఉంది ఆవిడకి.

"సార్, ఇప్పటికి మూడుసార్లు ఫెయిలయ్యాను. మూడుసార్లూ నా సొంత తప్పులతోనే అయ్యాను. ఒకళ్ల తప్పు అరువు తెచ్చుకునే ఖర్మ నాకు లేదు. మీరు చేసి చూపించండి, ఒప్పుకుంటా."

"మళ్లీ చెయ్యడమెందుకమ్మా? ఆదివారం చేసింది చేసినట్టే ఇందులో ఉంది. యంత్రానికి మొహమాటాలుండవు."

మాస్టారు తన కాలిక్యులేటర్‌ని ప్రొజెక్టరుకి తగిలించి, పాత లెక్కలు కనబడేలా పైకి జరిపారు. గోడ మీద అంకెలు మంచం అంతేసి లావున వెలిగాయి.

మొదటి వరసలో తొట్టి వైశాల్యం, 16.619. బాగానే ఉంది.

రెండో వరసలో 6×2.4, పక్కన 14.4.

మూడో వరసలో ఆన్స్×3.5, పక్కన 50.4.

"సార్," అన్నాడు ప్లంబరు చాలా వినయంగా, "మధ్యలో ఆ ఆరు రెండు పాయింటు నాలుగులేంటి సార్? మన తొట్టికి కాళ్లున్నాయా?"

మాస్టారు గోడ దగ్గరికెళ్లి ఆ రెండో వరస మీద వేలు పెట్టి చూశారు. ఆన్స్ అంటే చిట్టచివర వచ్చిన జవాబు. అది తొట్టిదా, తువ్వాలుదా అని యంత్రం అడగదు.

ఆదివారం ఆయన ఇంట్లో కూర్చుని జవాబులు కడుతుంటే భార్య వచ్చింది. ఎప్పుడూ ఆ బల్ల ఛాయలకు రాని మనిషి, కుర్చీ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. "ఏవండీ, ఆరు కిటికీలకి కర్టెన్లు కావాలి. ఒక్కోదానికి రెండు పాయింటు నాలుగు మీటర్లయితే మొత్తం ఎంత గుడ్డ?" అంది. ఆ చెయ్యి తగిలిన మురిపెంలో చేతిలో ఉన్న యంత్రం మీదే టకటకా కొట్టి చెప్పి, ఆ ఊపులోనే, ఆవిడ వెనకే నిలబడి చూస్తుండగా, తొట్టి లెక్కా పూర్తి చేశారు.

గోడ వైపు చూస్తూ నెమ్మదిగా అన్నారు. "తొట్టిలో నీళ్లు పొయ్యమంటే కర్టెన్లు కుక్కాను. తప్పు నాది. మీ ముప్పై ఒక్కమందిదీ కరెక్టు."

గది ఎగిరిపోయింది. బల్లలు మోగాయి. వెల్డరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కూలబడింది.

మాస్టారు ఎర్ర పెన్ను తీసి కొత్త మార్కులు వేసుకుంటూ వచ్చారు. ముప్పై ఒకటీ అయ్యాయి. చివరి కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 50.40, దాని కింద రెండు గీతలు. పెన్ను ఆగింది. పదిహేడు బెంచీ కింద చెప్పులు వెతుక్కుంటోంది.

మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఆ గదిలో ఇంతవరకూ ఒక్కనాడూ వాడని పిలుపు వాడారు. "ఏమే, మనింటికి ఉన్నవి నాలుగు కిటికీలే కదే!"