ఎత్తి కట్టిన ఉయ్యాల

భోజనానికి కూర్చున్నాక గుర్తొచ్చింది. పార్కులో ఉయ్యాల స్తంభాలకు సాయంత్రమే కాంక్రీటు పోశాను. అది గట్టిపడేదాకా ఉయ్యాలను పిల్లలకు అందకుండా పైకెత్తి కట్టాలి. మర్చిపోయాను. ఎవరైనా ఎక్కి ఊగితే స్తంభాలతో సహా మీద పడుతుంది.

"ఎక్కడికీ?" అని మా ఆవిడ అడుగుతుండగానే ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను.

గేటు దగ్గరికే గొలుసు కిర్రుమనడం వినిపించింది.

"ఒరేయ్, దిగరా!" అని అరిచాను. ఎవరూ లేరు. ఫోన్ టార్చి వేసి చూస్తే ఉయ్యాలను ఎవరో పైకెత్తి, గొలుసులు అడ్డకమ్మీకి చుట్టి, గట్టిగా ముడేశారు. కదిలే వీల్లేదు. అయినా కిర్రుమంటూనే ఉంది.

వంగి కాంక్రీటు చూశాను. మధ్యలో బొటనవేలి గుర్తు. గట్టిపడిందో లేదో అలా నొక్కి చూడటం నాకీ పని నేర్పిన మా అన్న అలవాటు. ఆయన బొటనవేలు మిషన్‌లో పడి సగం తెగిపోయింది. ఆ గుర్తూ సగమే ఉంది.

అన్న పోయి ఏడాది దాటింది.

పారిపోబుద్ధి కాలేదు. కళ్ళు తుడుచుకున్నాను.

"బతికించావన్నా. తెల్లారేదాకా నేను కాపలా ఉంటాలే. నువ్వెళ్ళి పడుకో."

గొలుసు చప్పుడు ఆగింది. కాసేపటికి నా వెనకాల గేటు మెల్లగా మూసుకుంది. పిల్లలు రాకుండా గడియ కూడా పడింది.