హస్తవాసి

ఏడవడానికి చోటు వెతుక్కుంటూ వస్తే ఇక్కడా ముందే ఒకరున్నారు, అనుకుంది దర్జీ ఆవిడ.

ఆసుపత్రి ప్రార్థన గదిలో వెనక బెంచీ మీద ఒక మనిషి తల వంచుకుని కూర్చున్నాడు. మోకాళ్ళ మీద అతని చేతులు వణుకుతున్నాయి. ఆవిడ చూపు ముందు వాటి మీదే పడింది. కడిగి కడిగి పగిలిన చర్మం, కుడి బొటనవేలి పక్కన కాలిన మచ్చ. అది ఇస్త్రీపెట్టె మచ్చేననీ, ఇతను ఆసుపత్రి బట్టలుతికే మనిషేననీ తేల్చేసుకుంది. పాపం, ఈ చేతులతో సూదిలో దారం కూడా ఎక్కదనుకుంది.

తన సంగతి మాత్రం ఏం బాగుంది? పొద్దున కొడుకుని అంబులెన్సులో వేసుకొచ్చారు. ఇవాళే గుండె ఆపరేషన్ చేయకపోతే దక్కడన్నారు. వాడి దగ్గర అత్తగారిని కూర్చోబెట్టి ఇలా వచ్చింది. మోకరించింది గానీ, "తండ్రీ" అన్నాక మరో మాట పెగల్లేదు. చిన్నప్పటి నుంచి చేసిన ప్రార్థనలన్నీ ఎటు పోయాయో తెలియదు. ఉన్న ఒక్క పిల్లాడినీ ఇలా చేశాడేమని దేవుడి మీద కోపంగా కూడా ఉంది. ఇక మిగిలిన ఆశల్లా ఇంకా కంటబడని పెద్ద డాక్టరే. ఆయన హస్తవాసి అలాంటిదనీ, ఆయన చెయ్యి పడితే పోయే ప్రాణం కూడా వెనక్కి వస్తుందనీ నర్సు చెప్పింది.

లేచి వచ్చి బెంచీ చివర కూర్చుంది. లోపల మీవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది.

"చిన్న పిల్లాడు," అన్నాడతను తల ఎత్తకుండానే. "పోయిన నెల ఒకడు నా చేతుల్లోనే పోయాడు. ఇవాళ ఇంకొకడు."

ఒక బిడ్డను మట్టిలో పెట్టి వచ్చి, ఇంకో బిడ్డ కోసం కాచుకుని ఉన్నాడీయన. లోకంలో కష్టాలన్నీ తన నెత్తి మీదే పడ్డాయనుకున్నందుకు సిగ్గేసింది.

"మరి మీకు?" అన్నాడతను.

"నా కొడుక్కి గుండె ఆపరేషన్. పెద్ద డాక్టరుగారే చేస్తారట. ఆయన హస్తవాసి మీదే ఆశ పెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ అన్నయ్యా, దేవుడి మీద కూడా అంత నమ్మకం లేదిప్పుడు."

అతను చటుక్కున తలెత్తి ఆవిడను చూశాడు. చేతుల వణుకు ఇంకా ఎక్కువైంది. తన బిడ్డకు అంతటి డాక్టరు దొరకలేదని బాధపడుతున్నాడేమో, అనవసరంగా గొప్పలు పోయానని ఆవిడ నొచ్చుకుంది.

"నా వల్ల కాదమ్మా," అన్నాడు చివరికి. "ఈ భారం మోయలేను. ఎటైనా పారిపోవాలనుంది."

"మిమ్మల్ని మోయమన్నదెవరు? ఆ దేవుడి మీద పడేయండి."

ఇంత తేలిక మాట ఇందాక తనకు తాను ఎందుకు చెప్పుకోలేకపోయిందో ఆవిడకే తెలియలేదు. అతని చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని కళ్ళు మూసుకుంది. తన కోసం పెగలని గొంతు అతని కోసం పెగిలింది.

"తండ్రీ, ఈ చేతులు చూడు, భయంతో ఎలా వణికిపోతున్నాయో. వీటిని నువ్వు పట్టుకో. నా కొడుకుని ఇమ్మని అడిగే ధైర్యం నాకు లేదు. ఈయన బిడ్డనైనా బతికించు. యేసు నామంలో, ఆమేన్."

అతనూ ఆమేన్ అన్నాడు. చేతులతోనే ముఖం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ వార్డుకు వచ్చేసరికి బాబును స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ఇంతసేపు ఎక్కడికి పోయావంటూ అత్తగారు కసిరి, అదిగో పెద్ద డాక్టరని చూపించింది. టోపీ, మాస్కు వేసుకున్న మనిషి వీళ్ళ వైపు చూడకుండా నేరుగా స్ట్రెచర్ దగ్గరికి వచ్చాడు. ఆవిడ రెండు చేతులూ జోడించింది. డాక్టరు కుడి చెయ్యి బాబు నుదుటి మీద వాలి, కదలకుండా నిలిచింది.

బొటనవేలి పక్కన కాలిన మచ్చ ఉంది.