ఎలుకలకు గుర్తున్నది

“ఈ ఎలుకలకు ఏదీ గుర్తుండదమ్మా,” అన్నాను, ప్రయోగశాలలో ఎలుకల్ని సాకే ఆవిడతో, పాఠం చెప్పే గొంతుతో. “నరాల కణాల్లో కైనేజ్ అనే ప్రోటీన్ ఉంటుంది. దాని పన్నెండు ముక్కలూ గుండ్రంగా చేరి, కబురొచ్చి వెళ్లిపోయాక కూడా ఒకదాన్నొకటి నిద్రపోనివ్వవు. జ్ఞాపకం నిలిచేది అలాగే. వీటిలో ఆ గుణం పోగొట్టాను.”

“అదేంటి సార్? నేనొస్తే చేతిమీదికెక్కుతాయి. మీరొస్తే మూలకి పరిగెడతాయి.”

నవ్వబోయి బోనులోకి చూశాను. ఆరు ఎలుకలూ మూలలో నక్కి ఉన్నాయి. జ్ఞాపకశక్తి పరీక్షంటూ మూడు నెలలుగా రోజూ తోక పట్టుకుని నీళ్లలో వదిలింది నేనే. వాటికి ఆ గుణం లేకపోయినా, నేను మాత్రం వాటి బుర్రల్లో నాటుకుపోయాను.

“వీటిని ఎలా పట్టుకోవాలో నాకూ నేర్పమ్మా.”

“ముందు ఆ కుర్చీలో కూర్చోండి సార్. మాట్లాడకండి.”

పదకొండేళ్లలో మొదటిసారి ఆ గదిలో నోరు మూసుకున్నాను.