ఒకే పక్కకు

"ఒగే పక్కకు రావద్దండి! యాడోళ్లు ఆడ్నే కూసోండి!"

మైకులో ఎమ్మెల్యే గంగులప్ప అరుపుకు పుంగనూరు సభ నిశ్శబ్దమైపోయింది. ఫోటో కోసం దండలతో స్టేజీ మీద ఎడమవైపుకు తోసుకొస్తున్న వాళ్లంతా ఉన్నచోటనే చతికిలబడ్డారు.

పెద్దపంజాణి నుంచి వచ్చిన చెంగమ్మ తెచ్చిన దండను ఒళ్లో పెట్టుకుంది. "ఓట్లకు మా గడప ముందర నిలబడినోడివి. ఇప్పుడు మేము నీ పక్కన నిలబడకూడదా అప్పా?"

గంగులప్ప మైకు స్టాండును రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు.

పీఏ ప్రకాష్ బాబు ఆయన చెవి దగ్గరికి వంగాడు. "అన్నా, జనం తప్పుగా అనుకుంటాండారు. స్టేజీ కింద ఇనప పైపులుండాయి. ఏమీ కాదు."

"గోదాట్లో నేను పనిచేసిన లాంచీ మీద గూడా ఇంతేప్పా. కొండలు బాగుండాయని ఫోటోలకు అందరూ ఒగే పక్కకొచ్చినారు. ఇంతకంటే గట్టిగా అరిచినాను. తాళ్లు లాగే కూలోడి మాట ఎవురింటారు? లాంచీ బోల్తా పడింది. అంతమందీ నీళ్లలో పోయినారు."

ఎన్నికల్లో నిలబడతానన్న రోజు "నా మాట జనం వినాలప్పా" అన్నాడాయన. అది పదవి మోజనే ఇన్నాళ్లూ అనుకున్నాడు ప్రకాష్ బాబు.

"ఇప్పుడు ఇన్నారు కదన్నా," అన్నాడు మెల్లగా. "అందరూ కూసున్నారు."

గంగులప్ప చూపు ఖాళీగా ఉన్న ఎడమ అంచు మీది నుంచి కదల్లేదు.

"యాడ కూసున్నారు? ఆ తడిగుడ్డలోళ్లు ఇంకా నిలబడే ఉండారు, సూడు."