డిక్కీలో సుత్తి

“శ్యామ్, కారు ఆగిపోయింది. లోపలికి నీళ్లొస్తున్నాయి!”

ఫోనులో రసజ్ఞ భర్తతో అరిచి చెప్పింది.

మధ్యాహ్నం మూడు గంటలు. ఖాజాగూడ దాటాక వంతెన కింది దారి. అరగంట వానకే అది చెరువైపోయింది. ముందున్న బస్సు దాటింది కదా అని తనూ కారు దింపింది. బస్సు ఎత్తు వేరు, కారు ఎత్తు వేరు అన్న సంగతి ఇంజను ఆగాక గానీ గుర్తుకు రాలేదు.

“తలుపు తోసి బయటికొచ్చెయ్!”

“రావట్లేదు. నీళ్లు బయట్నుంచి నొక్కేస్తున్నాయి. అద్దాలు కూడా దిగట్లేదు.”

వెనక సీటులో పది నెలల పాప. పాప కోసం బిగించిన చిన్న సీటుకున్న బెల్టు బిగుసుకుపోయింది. ఎంత నొక్కినా ఊడటం లేదు.

“కంగారు పడకు. కిట్ ఉంది కదా! అద్దం పగలగొట్టే సుత్తి, బెల్టు కోసే కత్తి, అన్నీ అందులోనే ఉన్నాయి.”

“ఎక్కడ పెట్టావు?”



“డిక్కీలో.”

ఆ కిట్ వచ్చిన రోజు శ్యామ్ దాన్ని ఫోటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాడు. నలభై మంది బొటనవేలి బొమ్మలు పెట్టి మెచ్చుకున్నారు. ఆ తర్వాత అట్టపెట్టె కూడా విప్పకుండా డిక్కీలో పడేశాడు. కొనేశాం కాబట్టి ఇక ప్రమాదం మన జోలికి రాదని ధీమా. కారు లోపల్నుంచి డిక్కీలోకి చెయ్యి పెట్టే దారే లేదు.

ఫోను జారి నీళ్లలో పడింది.

రసజ్ఞ సీట్ల మధ్యనుంచి వెనక్కి పాకింది. నీళ్లు పాప నడుము దాకా వచ్చాయి. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. బెల్టు లాగింది. పళ్లతో కొరికింది. చెప్పు తీసి అద్దాన్ని కొట్టింది, మోచేత్తో కొట్టింది. అద్దం చెక్కు చెదరలేదు.

“ఎవరైనా రండి! పాప ఉంది లోపల! పాప ఉంది!”

గట్టు మీద పదిహేను మంది ఉన్నారు. అందరి చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ఒకాయన మాత్రం రాయి విసిరాడు. అది అద్దం మధ్యలో తగిలి నీళ్లలో పడింది.

నీళ్లు పాప ఛాతీ దాకా వచ్చాయి. రసజ్ఞ రెండు చేతులతో పాప గడ్డం పైకెత్తి పట్టుకుంది. ఇంకేం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. కొలిచిన దేవుళ్లందరినీ పిలిచేసింది.

అప్పుడు అద్దం అవతల ఒక ముఖం కనిపించింది.

“అక్కా! మొఖం ఆ దిక్కు తిప్పు! పాపను కప్పు!”

ఆ మనిషి నడుము దగ్గర్నుంచి చిన్న ఇనుప ముక్కేదో తీశాడు. అటువైపు అద్దం మూలన ఒక్కటే దెబ్బ కొట్టాడు. అద్దమంతా ఉప్పురాళ్లలా రాలిపోయింది. నీళ్లు భళ్లున లోపలికి దూకాయి.

అతను సగం మనిషి లోపలికి దూరాడు.

“బెల్టు రావట్లేదండీ...”

“జర చెయ్యి తియ్యక్కా.”

జేబులోంచి బ్లేడు తీసి ఒక్క కోత కోశాడు. పాపను భుజాన వేసుకున్నాడు. రెండో చేత్తో రసజ్ఞను కిటికీలోంచి బయటికి లాగాడు. ఛాతీలోతు నీళ్లలో ఇద్దరినీ నడిపించుకుంటూ గట్టుకు చేర్చాడు.

పాప దగ్గింది. ఉక్కిరిబిక్కిరైంది. ఆ తర్వాత గట్టిగా ఏడ్చింది.

“ఏడ్సింది గదా. ఇగ ఫికర్ లేదు తియ్యి.”

అతని మోచేతి నుంచి మణికట్టు దాకా అద్దం కోసుకుపోయి రక్తం కారుతోంది. రసజ్ఞ పాపను గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తలెత్తి చూసేసరికి అతను లేడు.

పేరైనా అడగలేదు. దండమైనా పెట్టలేదు.

మర్నాడు అపార్ట్‌మెంట్ గ్రూపు నిండా ఒకటే గోల. కారులో సుత్తి ఉండాలి, తాడు ఉండాలి, టార్చి ఉండాలి, అన్నీ చేతికందేలా ఉండాలి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఒకరి తర్వాత ఒకరు జాబితాలు పంపుతున్నారు. రసజ్ఞ ఒక్కటీ చదవలేదు.

ఆమెకు అన్నం సయించడం లేదు. ఆ చేతికి కుట్లు వేయించుకున్నాడో లేదో అని ఒకటే దిగులు.

గట్టు మీద తీసిన వీడియో ఒకటి సంపాదించింది. అందులో ఒకచోట అతని ముఖం స్పష్టంగా ఉంది. ఆ ముక్క కత్తిరించి, కింద తన నంబరు వేసి ఇలా రాసింది.

“మా పాపను బతికించిన దేవుడు. దయచేసి వెతికిపెట్టండి. అందరికీ పంపండి.”

ఆఫీసు గ్రూపులు, కాలనీ గ్రూపులు, మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా దాన్ని చూడనివాళ్లు లేరు. ఐటీ వాళ్లకు ఏదైనా అప్పజెప్పండి, లక్ష మందికి చేర్చి గానీ నిద్రపోరు.

నాలుగో రోజు పొద్దున ఫోనొచ్చింది.

“ఎస్సై మధుకర్‌ను మాట్లాడుతున్న మేడమ్. మీరు వెతుకుతున్న మనిషి దొరికిండు. పేరు మొగిలి. ఒకసారి స్టేషన్‌కు రండ్రి.”

రసజ్ఞకు ప్రాణం లేచొచ్చింది. దారిలో క్యాబ్ ఆపించి జరీ అంచు శాలువా కొంది. యాపిల్ పళ్లు కొంది.

“పోలీసులే సన్మానం చేస్తారేమో శ్యామ్!”

స్టేషన్‌లో మొగిలి గోడకానుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. చేతికి మాసిన గుడ్డ కట్టి ఉంది. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

“పాప మంచిగున్నదా అక్కా?”

“బాగుందండీ...”

కళ్లనీళ్లు తుడుచుకుని శాలువా మడత విప్పింది. పక్కనున్న కానిస్టేబుల్ ఆమె చేతికి అడ్డం వచ్చాడు.

ఎస్సై నవ్వుతూ కుర్చీలోంచి లేచాడు.

“మీకు మస్తు థాంక్స్ మేడమ్. మూడేండ్ల సంది ఈ ఏరియాల గిట్లనే ఒక్క దెబ్బకు కార్ల అద్దాలు పగలగొట్టి లాప్‌టాపులు ఎత్తుకపోతున్నోడు వీడే, మీరు సూపెట్టేదాంక వీని మొఖం ఎట్లుంటదో మాకు తెల్వకపాయె.”