బండెక్కి వచ్చిన ఓట్లు

"ఛీ, ఏం కంపయ్యా బాబూ! మందు షాపు మూయించే ఇంటికి మందు వాసనతో వస్తావా?"

టైలరమ్మ చేతిలో కత్తెరతోనే గుమ్మంలోకి వచ్చింది.

గుమ్మం ముందు మూడు చక్రాల తొక్కుడు బండి. హ్యాండిల్‌కి ఎర్రగుడ్డ కట్టి ఉంది. దాని పక్కన ఒక బక్కపల్చని మనిషి. అతని చొక్కా నుంచీ, బండి చెక్కల నుంచీ వాసన గుప్పుమంటోంది.

"రేపు నడవలేనివాళ్ళని ఓటేయడానికి తీసుకురావాలంట కదక్కా. నా బండి ఉంది."

"ముందు నువ్వు నిలబడగలవా?"

లోపల కరపత్రాలు మడుస్తున్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు.

"నేను తాగనక్కా."

"అవునవును! మా ఆయన కూడా అదే అంటాడు, గోడ పట్టుకుని!"

మళ్ళీ నవ్వులు. అతనికి కోపం రాలేదు. టైలరమ్మకే వచ్చింది.

రాదా మరి? ఆ షాపు సరిగ్గా ఆమె భర్త పనిచేసే వర్క్‌షాపుకీ ఇంటికీ మధ్యలో ఉంది. పేటలో ఆడవాళ్ళు దాని ముందు తల తిప్పుకుని నడుస్తారు. ఆయన మాత్రం తిప్పుకోలేడు. "అది నా కంటపడకపోతే తిన్నగా ఇంటికే వస్తానే, ఒట్టు" అని ఒక ఆదివారం పొద్దున్న ఆయన ఏడ్చాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె మూడు నెలలు చెప్పులరిగేలా తిరిగింది.

రూలు కూడా పాడు రూలే. పేటలో ఓటర్లు పద్దెనిమిది వందల నలభై ఆరు. షాపు మూతపడాలంటే వాళ్ళలో సగానికి మించి, అంటే తొమ్మిది వందల ఇరవై నాలుగు మంది, వచ్చి వద్దనాలి. ఇంట్లో కూర్చున్న ఓటు కూడా షాపుకి వేసినట్టే.

కరపత్రాలు మడుస్తున్న నర్సమ్మ లేచొచ్చి ఆమె చెవిలో గొణిగింది. "షాపువాళ్ళే పంపించారేమోనే. ముసలివాళ్ళని ఎక్కించుకుని ఊరంతా తిప్పి, టైమైపోయాక దింపుతాడు."

"వెళ్ళవయ్యా, నీకో దండం. మాకు వ్యాను ఉంది."

అతను బండి తిప్పుకున్నాడు.

"ఇన్నాళ్ళూ మోసింది చాలనిపించిందక్కా, అందుకే వచ్చా."

"తాగుబోతు వేదాంతం" అంది నర్సమ్మ.

మర్నాడు వ్యాను రాలేదు. డ్రైవరు ఫోను ఎత్తలేదు. పదకొండయ్యేసరికి టైలరమ్మ, ఓట్లు వేస్తున్న స్కూలు గోడ నీడలో కూలబడిపోయింది.

"అయిపోయిందే. మంచం మీదున్నవాళ్ళందరూ మనవైపే. ఎవర్ని ఎలా మోసుకొస్తాం?"

అప్పుడే వీధి మలుపులో గంట మోగింది.

ఎర్రగుడ్డ కట్టిన బండి! అందులో కాలు విరిగిన హెడ్మాస్టరు గారు, మహారాజులా కూర్చుని వస్తున్నారు.

దింపాడు. మళ్ళీ వెళ్ళాడు. ఈసారి పక్షవాతం వచ్చిన పెద్దమ్మ. అతను ఆమెను చేతుల మీద ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

"దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచాడే తల్లీ" అంది పెద్దమ్మ తిరిగొస్తూ. "గాజుపెంకులేమైనా గుచ్చుకుంటాయేమోనని చేత్తో తడిమి మరీ కూర్చోబెట్టాడు. కన్నకొడుకు చేస్తాడా ఇంత?"

ఎర్రటి ఎండలో పదకొండుసార్లు తిరిగాడు. పదకొండు మందిని తెచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మందు వాసన మాత్రం పోలేదు.

టైలరమ్మకి సిగ్గేసింది. సాయంత్రం నాలుగు మంచి మాటలు చెప్పాలనుకుంది.

సాయంత్రం ఎవరికి ఎవరు చెప్పేది! అధికారి కాగితం చూసి చదివాడు: "షాపు వద్దన్నవి, తొమ్మిది వందల ముప్పై ఒకటి."

ఒక్క క్షణం ఎవరికీ లెక్క తోచలేదు. తోచాక స్కూలు పెంకులు ఎగిరిపోయేంత అరిచారు. నర్సమ్మ ఈల వేసింది. హెడ్మాస్టరు గారు ఊతకర్ర గాల్లోకి ఎత్తి, పడబోయి, నలుగురి మీద ఆనుకుని నవ్వారు.

కావలసినదానికంటే ఏడు ఓట్లు ఎక్కువ. బండెక్కి వచ్చినవి పదకొండు.

టైలరమ్మ గేటు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ బండి లేదు.

మర్నాడు పొద్దున్నే అధికారులు వచ్చి షాపు షట్టరు దించి సీలు వేశారు. పేట ఆడవాళ్ళు మొదటిసారి దాని ముందు తలెత్తుకుని నడిచారు. కావాలనే అటూ ఇటూ రెండుసార్లు నడిచారు.

సాయంత్రం ఆరింటికి తలుపు చప్పుడైంది. భర్త! తిన్నగా నిలబడ్డాడు. చేతిలో కూరగాయల సంచి.

"ఏంటలా చూస్తావ్? దారిలో ఏమీ కంటపడలేదు, వచ్చేశా."

టైలరమ్మ సంచి అందుకుని, నవ్వుతూనే ఏడ్చేసింది.

టీ తాగుతున్నప్పుడు చెప్పింది. "మనల్ని గెలిపించింది ఒక బండాయనండీ. వాసనొస్తున్నాడని తాగుబోతు కింద జమకట్టి గుమ్మంలోంచే వెళ్ళగొట్టాను. రేపు వెతికి పట్టుకుని కాళ్ళ మీద పడాలి."

భర్త గ్లాసు కింద పెట్టాడు.

"ఎర్రగుడ్డ కట్టిన బండేనా?"

"అవును. మీకు తెలుసా?"

"తాగుబోతేంటే, వాడు చుక్క కూడా ముట్టడు. పొద్దున షట్టరు దించేదాకా అక్కడే నిలబడి, పని వెతుక్కుంటూ ఊరొదిలి వెళ్ళిపోయాడు."

"ఊరొదిలా? ఇక్కడ పనికేమైంది?"

భర్త ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"పద్నాలుగేళ్ళుగా ఆ షాపుకి సీసాల పెట్టెలు మోసే బండి అదే."